లిఫ్టు బాబాయికి అందని రాకెట్టు

రాకెట్టు ఆకాశంలోకి లేవడాన్ని సొంత బాల్కనీలో కూర్చుని చూడగలిగే భాగ్యం లోకంలో బహు కొద్దిమందికే దక్కుతుంది. ఆ కొద్దిమందిలో ఒకడై ఉండి, బాల్కనీ తూర్పు ముఖంగానే ఉండి, అందులో ఒక కుర్చీ కూడా ఉండి, ఇన్నేళ్ళలో ఒక్క రాకెట్టునైనా కళ్ళారా చూడని మనిషి మాత్రం లిఫ్టు బాబాయి ఒక్కడే అయివుంటాడు. ఆయనకు అసలు పేరు లేకపోలేదు. అది కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు.

లిఫ్టులు బాగుచేయడం ఆయన వృత్తి. ఒక కంపెనీ తరఫున ఊళ్ళోని ఆఫీసులకూ ఆసుపత్రులకూ తిరుగుతుంటాడు. తానుంటున్న భవనంలోని లిఫ్టూ ఆ కంపెనీ ఆలనాపాలనలోనిదే. ఇల్లు చిట్టచివరి అంతస్తులో, సరిగ్గా లిఫ్టు మోటారుండే మెషిన్ రూము కింద. లిఫ్టు కదిలినప్పుడల్లా గోడ గడియారమూ, గిన్నెల స్టాండూ, మంచినీళ్ళ గ్లాసులూ వినయంగా వణుకుతాయి. ఆ మోత పడలేక ఎవరూ అద్దెకు దిగని ఇంట్లో బాబాయి కాపురం పెట్టాడు. ఆయనకు మోత జోలపాట. మోత ఆగితేనే మెలకువ వస్తుంది.

బాల్కనీలోంచి చూస్తే ఊరి చివరి గోదాములు, వాటి వెనక చెట్టూ పుట్టా లేని చదును నేల, ఆ నేల చివర సముద్రం ఉందని నమ్మించే ఒక తెల్లని గీత కనబడతాయి. ఆ గీత దాపున ఎక్కడో ప్రయోగ కేంద్రం. అది కంటికి ఆనదు. అక్కణ్ణించి లేచేది మాత్రం, ఆకాశం తేటగా ఉంటే, బాల్కనీలో కూర్చున్న ఎవరికైనా కనబడుతుంది. బాబాయికి తప్ప.

ఇందులో బాబాయి జాతకం తప్పేమీ లేదు. తప్పంతా భవనంలోని జనానిది. మామూలు రోజుల్లో ఆ జనం తలెత్తి ఆకాశాన్ని చూసిన పాపాన పోరు. ప్రయోగం రోజున కూడా టీవీల ముందే కూర్చుంటారు. తీరా ఇంకో పావుగంట ఉందనగా, ఎవరో గంట కొట్టినట్టు, అందరూ ఒక్కసారిగా డాబా గుర్తొచ్చి లిఫ్టు మీదికి దండెత్తుతారు. మెట్లున్నాయన్న సంగతి ఎవరికీ తోచదు. లిఫ్టు పాతది. లోపల, లాగితే మడతపడే ఇనుప జాలీ తలుపు. అది వేలెడు జరిగినా చాలు, లిఫ్టు ఉన్నచోటే ఆగిపోతుంది. దాని ధర్మం అది. ఒకసారి దాన్ని జరిపింది గొడుగు మొన. ఇంకోసారి చంటిపిల్లల బండి చక్రం. మరోసారి ఏ వస్తువూ లేదు, కేవలం ఒక ఆసామి వీపు. ఆగిన లిఫ్టులోంచి గంట మోగుతుంది, బాబాయి కుర్చీలోంచి లేస్తాడు, ఆయన తిరిగొచ్చేసరికి తూర్పున పొగ కూడా మిగలదు.

లోపల చిక్కుకున్నవాళ్ళకు ఆయన ప్రతిసారీ ఒకే ఉపన్యాసం ఇస్తాడు.

“భయపడకండి. ఆగిన లిఫ్టంత భద్రమైన చోటు ఇంకోటి లేదు. బ్రేకు దానంతటదే బిగుసుకుంటుంది. దాన్ని విప్పడానికి బలం కావాలి గానీ పట్టుకోడానికి ఎవరూ అక్కర్లేదు. హాయిగా కూర్చోండి.”

“అంత హాయిగా ఉంటే నువ్వొచ్చి కూర్చో, మేం బయటికొస్తాం,” అని లోపలివాళ్ళు ప్రతిసారీ ఒకే జవాబు ఇస్తారు.

ఈ తతంగం ముగించుకుని, చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ ఇంటికొస్తే, బాల్కనీలో భార్య తాపీగా టీ తాగుతూ ఉంటుంది. ఆవిడ అన్ని రాకెట్లూ చూసింది.

“ఎలా ఉంది?” అంటాడు బాబాయి.

“పైకి వెళ్ళింది,” అంటుంది ఆవిడ.

“అది నాకూ తెలుసు. ఎలా వెళ్ళింది?”

“బాగానే వెళ్ళింది.”

ఇంతకు మించి ఆవిడ నోట ఏనాడూ ఒక్క ముక్క రాలలేదు. చుట్టాల పెళ్ళికి వెళ్ళొస్తే ఎవరు ఏ రంగు కట్టుకున్నారో వారం రోజులు చెప్పగలిగిన మనిషి, ఆకాశాన్ని చీల్చుకుపోయిన రాకెట్టు గురించి రెండు మాటలతో సరిపెట్టడం బాబాయికి కడుపులో మంటగా ఉండేది. టీవీలో మళ్ళీ మళ్ళీ చూపిస్తారు కదా అని ఓదార్చినవాళ్ళ మీద మంట ఇంకా ఎక్కువ. “టీవీలో వాన కురిస్తే మీరు గొడుగు వేసుకుంటారా?” అని వాళ్ళ నోరు మూయించేవాడు.

సరే, ఎప్పటికైనా చూడకపోతానా అన్న ధీమాతో ఏళ్ళు గడిచాయి. ఆ ధీమాను ఎదురుగా లేస్తున్న కొత్త భవనం దెబ్బతీసింది. మొదట్లో అది పునాది. బాబాయి పట్టించుకోలేదు. తర్వాత అంతస్తు మీద అంతస్తు లేచి, గోదాములను మింగి, చదును నేలను మింగి, తెల్లని గీత దాకా వచ్చింది. ఒక ఉదయం బాబాయి ఉండబట్టలేక బాల్కనీలోంచి అవతలి పనుల సూపర్‌వైజరును కేకేశాడు.

“ఏమయ్యా, ఇంకా ఎంత లేపుతారు?”

కొనుగోలుదారు అనుకున్నాడో ఏమో, అతను ముఖమంతా నవ్వు చేసుకున్నాడు. “మీకెందుకు సార్ అనుమానం? మీరు ఊఁ అనండి, ఎంత కావాలంటే అంత లేపుతాం. వచ్చే నెలకి ఇంకో రెండు స్లాబులు పడిపోతాయి.”

రెండు స్లాబులు పడితే తూర్పు దిక్కు పూర్తిగా మూతపడుతుంది. డాబా మీదికెక్కినా అంతే. అప్పటిలోగా ఉన్నది ఒక్కటే ప్రయోగం. బాబాయి లెక్క తేల్చుకున్నాడు. చూస్తే ఇదే చూడాలి. లేకపోతే రాకెట్టన్నది పైకి వెళ్తుందని విన్నాను అని మనవలకు చెప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన తర్వాత మొదటిసారి, ఒంట్లో బాగుండి సెలవడిగాడు. మేనేజరుకు అర్థం కాలేదు.

“ఏం, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?”

“అందరూ బాగున్నారు సార్. రాకెట్టు చూడాలి.”

“రాకెట్టు ఎవరు?”

బాబాయి వివరించాడు. మేనేజరు జాలిపడి సెలవిచ్చాడు. ఆ సాయంత్రం ఎక్కడ ఏ లిఫ్టు ఆగినా ఇంకో మెకానిక్కు చూసుకోవాలని తీర్మానం అయింది.

ప్రయోగం రోజున మధ్యాహ్నానికే బావమరిది దిగాడు. ఏ విషయం మీదైనా మొదటి పేరా మాత్రం క్షుణ్ణంగా తెలిసిన మనిషి అతను. ప్రతి ప్రయోగానికీ వస్తాడు, బాల్కనీలోని ఏకైక కుర్చీలో కూర్చుంటాడు, ఫోన్లో ప్రత్యక్ష ప్రసారం పెట్టుకుని అక్క ఇంటికి సైన్సు తెస్తాడు.

“బావా, అసలు రాకెట్టంటే నువ్వేమనుకుంటున్నావు?”

“పైకి వెళ్ళేదనుకుంటున్నాను.”

“అక్కడే పప్పులో కాలేశావు. అది పైకి వెళ్ళదు. పక్కకి వెళ్తుంది.”

“సరేలే, నేను పక్కకే చూస్తాను. నువ్వు ముందు ఆ కుర్చీలోంచి లే.”

సాయంత్రం అవుతుండగా బాబాయి కిందికి దిగి లిఫ్టు మెయిన్ స్విచ్చి ఆపేశాడు. తలుపుకు ‘మరమ్మతులో ఉంది’ అన్న బోర్డు తగిలించాడు. ఆయన వృత్తి జీవితంలో అది మొదటి అబద్ధం. పైకి మెట్లెక్కి వచ్చి, చెమట తుడుచుకుని, బావమరిది ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుని, చేతిలో టీ కప్పు పట్టుకున్నాడు. ఆకాశం కడిగిన పలకలా ఉంది. ఎదుటి భవనం మీద తర్వాతి స్తంభాల కోసం నిలబెట్టిన ఇనుప చువ్వలు, వాటి సందుల్లోంచి తెల్లని గీత. ఇల్లు అలవాటు లేని నిశ్శబ్దంలో ఉంది. బాబాయికి ఆవులింత కూడా రాలేదు.

అంతలో గుమ్మంలో ఎవరో ఎగశ్వాసతో నిలబడ్డారు. భవనం సంఘం సెక్రటరీ. ఆయనకు బాబాయితో పనిలేనప్పుడు “ఏమయ్యా” అనడం, పనుంటే “బాబాయ్” అనడం అలవాటు.

“బాబాయ్,” అన్నాడు సెక్రటరీ.

బాబాయి కుర్చీలో ఇంకొంచెం వెనక్కి జరిగాడు.

“లిఫ్టు మరమ్మతులో ఉందట?”

“అవునండీ.”

“మరమ్మతు చేసేవాడు ఇక్కడ టీ తాగుతున్నాడు. మరమ్మతు ఎవరు చేస్తున్నట్టు?”

దీనికి జవాబు బాబాయి ముందుగా తయారుచేసుకోలేదు. అబద్ధాలు కొత్త కదా. ఆయన తడబడుతుండగానే సెక్రటరీ అసలు సంగతి విప్పాడు. తన ఆఫీసు పెద్దాయనను, భార్యాసమేతంగా, రాకెట్టు చూడ్డానికి పిలిచాడు. వాళ్ళు కింద నిలబడి ఉన్నారు. పెద్దాయన మెట్లెక్కలేరు. ఎక్కగలిగినా, మర్యాద ప్రకారం ఎక్కకూడదు.

“సార్, నేను సెలవులో ఉన్నాను,” అన్నాడు బాబాయి.

“స్విచ్చి వెయ్యడానికి సెలవెందుకయ్యా, వేలు చాలదూ?”

“వేస్తే మీరొక్కరే ఎక్కరు. భవనమంతా ఎక్కుతుంది. మధ్యలో ఆగుతుంది. నేను లేవాలి. ప్రతిసారీ ఇదే భాగోతం. ఈసారి కూడా చూడకపోతే ఇక ఈ జన్మకి లేదండీ. ఆ ఎదుటి గోడ చూశారా?”

సెక్రటరీ చూశాడు. “బాగా కడుతున్నారు,” అన్నాడు.

ఇలాంటి సమయాల్లో భార్య తన పక్షాన నిలబడుతుందని బాబాయి ఇప్పటికీ నమ్ముతాడు. ఆవిడ వంటింట్లోంచి, “వేసెయ్యండి పాపం, పెద్దవాళ్ళట కదా,” అంది.

చివరికి సంధి కుదిరింది. బాబాయి షరతులు పెట్టాడు. నలుగురికి మించి ఎక్కకూడదు. జాలీ తలుపుకు ఎవరూ ఆనుకోకూడదు. దానికి దగ్గరగా ఏ వస్తువూ పెట్టకూడదు. సెక్రటరీ ప్రతి షరతుకూ, సభలో తీర్మానం ఆమోదించినంత గంభీరంగా తల ఊపాడు. బాబాయి మళ్ళీ కిందికి దిగి స్విచ్చి వేశాడు. పైకి లిఫ్టులోనే వచ్చాడు. షరతులన్నీ పాటిస్తూ అందులో ప్రయాణించిన ఆఖరి మనిషి ఆయనే.

గ్లాసులు వణకడం మొదలుపెట్టాయి. లిఫ్టు దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగింది. డాబా మీద అడుగుల చప్పుడు, కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు పెరిగాయి. తన సైన్సు వినడానికి అక్కడ ఎక్కువమంది ఉన్నారని పసిగట్టి బావమరిది కూడా ఫోను పట్టుకుని పైకి వెళ్ళాడు. బాబాయి కుర్చీ అంచున కూర్చుని తెల్లని గీత మీద చూపు నిలిపాడు. లిఫ్టు మళ్ళీ కిందినుంచి బయల్దేరింది. గడియారం వణికింది. వణికింది. ఉన్నట్టుండి ఆగింది.

లిఫ్టు అంతస్తు చేరితే చివర ఒక చిన్న కుదుపు చప్పుడు వినబడుతుంది. అది వినబడలేదు.

భార్య ఆయన వైపు చూసింది. ఆయన తూర్పు వైపే చూస్తున్నాడు, మెడ తిప్పితే నిజమైపోతుందేమోనన్నట్టు. గంట మోగింది.

“నేను సెలవులో ఉన్నాను,” అన్నాడు బాబాయి.

“ఆ సంగతి గంటకి తెలీదుగా,” అంది భార్య.

కంపెనీకి ఫోను చేశాడు. రెండో మెకానిక్కు ఊరికి ఆ చివర ఒక ఆసుపత్రిలో ఉన్నాడట, ఎంత తొందరగా వచ్చినా గంట పడుతుందట. ఇంతలో పైనుంచి బావమరిది గొంతు పిట్టగోడ మీదుగా దిగింది. “బావా, కౌంట్‌డౌన్ ఆపేశారు. ఏదో పరీక్షిస్తున్నారట. ఇంకా బోలెడు టైముంది. నువ్వు వెళ్ళి చూసొచ్చెయ్.”

ఆ మాట నమ్మి బాబాయి లేచాడు.

లిఫ్టు రెండంతస్తుల కింద, నేలకు సగం పైనా సగం కిందా వేలాడుతోంది. బయటి తలుపు అద్దంలోంచి చూస్తే లోపల నలుగురి కంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. వాళ్ళందరి మధ్యా పెద్దాయన ఉన్నాడు. ఆయన భార్య ఉంది. పెద్దాయన డాబా మీద నిలబడకూడదని సెక్రటరీ స్వయంగా మోసుకొచ్చిన ఇనుప మడత కుర్చీ ఉంది. ఆ కుర్చీ కాలు జాలీ తలుపులోంచి బయటికొచ్చి, అంతస్తు అంచుకు తగులుకుని, కొక్కెంలా వంగి ఉంది.

“కుర్చీ ఎందుకు తెచ్చారండీ?” అన్నాడు బాబాయి. గొంతులో కోపం కూడా మిగల్లేదు.

“నువ్వు వస్తువుల్ని తలుపుకి దూరంగా పెట్టమన్నావు గానీ తేవొద్దనలేదు. నలుగురే అన్నావు. కుర్చీ మనిషి కాదుగా,” అన్నాడు లోపలినుంచి సెక్రటరీ.

“మనుషులు నలుగురేనా?”

“బయల్దేరినప్పుడు నలుగురమే,” అన్నాడు సెక్రటరీ. “దారిలో కలిశారు.”

“కుర్చీ కాలు లోపలికి లాగి తలుపు మూయండి.”

“ఇందాకట్నుంచీ అదే పని. అందరం కలిసి లాగాం. కాలు రాలేదు సరికదా, తలుపు కూడా వంగిపోయింది.”

వంగిన తలుపు మూసుకోదు. మూసుకోనిదే లిఫ్టు కదలదు. ఇక మిగిలింది పైన మెషిన్ రూములో చేత్తో చక్రం తిప్పి దించడమే. బాబాయి ముందు జాగ్రత్తగా తన ఉపన్యాసం మొదలుపెట్టాడు.

“భయపడకండి. ఆగిన లిఫ్టంత భద్రమైన...”

“అది మాకు కంఠతా వచ్చు,” అన్నాడు సెక్రటరీ. “త్వరగా మమ్మల్ని డాబా మీదికి చేర్చు. సారు రాకెట్టు చూడాలి.”

“పైకి రాదండీ. కిందికే వస్తుంది.”

“అదేంటి?”

“ఇంతమంది ఉన్నారుగా. తాడుకి అవతలి కొసన ఉండే ఎదురు బరువు కంటే మీ బరువు ఎక్కువైపోయింది. బ్రేకు విప్పితే లిఫ్టు ఎటు మొగ్గితే అటే పోనివ్వాలి.”

“అక్కడ అంత పెద్ద రాకెట్టు పైకి వెళ్తుంటే,” అంది పెద్దాయన భార్య మొదటిసారి నోరు విప్పి, “మేం కిందికి పోవాలా?”

“వాళ్ళకి ఇంధనం ఉందమ్మా,” అన్నాడు బాబాయి.

డాబా ఎక్కి, గుంపును తప్పించుకుని మెషిన్ రూములో దూరాడు. అది మూడు వైపులా గోడ, ఒక వైపు తలుపు ఉన్న ఇరుకు గది. మోటారు వేడెక్కకుండా తూర్పు గోడకు ఎత్తుగా ఒక వెంటిలేటరు. పావురాలు రాకుండా దానికి వల కొట్టింది బాబాయే. మోటారు స్విచ్చి ఆపాడు. ఎడం చేత్తో బ్రేకు మీట పట్టుకుని నొక్కాడు, కుడి చేత్తో చక్రం పట్టుకున్నాడు. నేలలోని కంతలోంచి ఇనుప తాళ్ళు కిందికి దిగుతున్నాయి. వాటి మీద అంతస్తులకు గుర్తుగా ఎర్ర రంగు పట్టీలున్నాయి. పట్టీ కంత దగ్గరకొస్తే లిఫ్టు అంతస్తుకు చేరినట్టు. అందుకే చూపు తాళ్ళ మీదే ఉండాలి. వీపు తూర్పుకు ఉండాలి. ఈ గదిని కట్టినవాడికి రాకెట్ల మీద ఏదో పాత పగ ఉండివుండాలి.

తాళ్ళు కొద్దికొద్దిగా కదిలాయి. అదే కంతలోంచి లోపలివాళ్ళ మాటలు, పక్కగదిలో ఉన్నంత స్పష్టంగా పైకి వస్తున్నాయి.

“కదులుతోంది సార్,” అంటున్నాడు సెక్రటరీ.

“కిందికేనా?” అంటున్నాడు పెద్దాయన.

“తాత్కాలికంగా సార్.”

తలుపు అవతల డాబా మీద బావమరిది గుంపుకు ఉపదేశం చేస్తున్నాడు. “కౌంట్‌డౌన్ మళ్ళీ మొదలైంది. నేను ఫోనులో చూసి చెప్తాను, మీరు కంగారుపడకండి. నా అంకెలు అయ్యాకే తలెత్తండి, లేకపోతే మెడ నొప్పి.” అతని అంకెలు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి. బాబాయి చక్రాన్ని ఇంకొంచెం తిప్పాడు. ఎర్ర పట్టీ ఇంకా రాలేదు. త్వరగా తిప్పితే అందుకోగలడు. కానీ మనుషులున్న లిఫ్టును త్వరగా తిప్పకూడదు. అది ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేని సంగతి.

బావమరిది అంకె పూర్తవకముందే డాబా అంతా ఒక్కసారి ఊపిరి పీల్చింది.

“అదిగో,” అన్నారెవరో.

“అప్పుడే కాదండీ, ఇంకా టైముంది,” అన్నాడు బావమరిది. ప్రత్యక్ష ప్రసారం ప్రత్యక్షం కంటే వెనకబడి నడుస్తుందన్నది రెండో పేరాలోని విషయం. “ఫోను చూడండి, అది ఇంకా నేలమీదే ఉంది.”

బాబాయి చేతులు అలాగే ఆగాయి. వీపు వెనక, ఒక గోడ అవతల, తన రాకెట్టు వెళ్ళిపోతోంది. ఎడం చేతిలో బ్రేకు మీట, కుడి చేతిలో చక్రం, కింద తాళ్ళకు వేలాడుతున్న సెక్రటరీ, పెద్దాయన, పెద్దాయన భార్య, దారిలో కలిసినవాళ్ళు, ఒక కుర్చీ. ఇన్నేళ్ళూ ఇలాగే నిలబడ్డాడు. ఇలా నిలబడే ప్రతిసారీ, తాను వదిలేస్తే వాళ్ళేమైపోతారో అని నిలబడ్డాడు.

ఏమైపోతారు?

ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు కంఠతా వచ్చు. ఆ భవనంలో ప్రతివాడికీ ఆయనే వల్లెవేయించాడు. వాళ్ళెవరూ ఆ మాట నమ్మలేదంటే అర్థం ఉంది. చెప్పిన తను కూడా నమ్మకపోవడం ఏం మర్యాద?

బాబాయి మీట వదిలేశాడు. బ్రేకు ‘టక్’మని బిగుసుకుంది. తాళ్ళు నిలిచిపోయాయి.

వెంటిలేటరు అందలేదు. పనిముట్ల పెట్టె ఈడ్చి దానిమీదికెక్కాడు. తన చేతులతో కొట్టిన వలను తన చేతులతోనే చింపాడు.

“ఏమైంది? మళ్ళీ ఎందుకాగింది?” కంతలోంచి సెక్రటరీ గొంతు.

“ఏం కాలేదండీ. నేనే ఆపాను.”

“ఎందుకు?”

“హాయిగా కూర్చోండి. కుర్చీ ఉందిగా.”

ఎదుటి భవనం ఇనుప చువ్వల మధ్య ఒక నిప్పురవ్వ ఉంది. అంత చిన్నదని ఆయన అనుకోలేదు. దాన్ని వేలితో కప్పెయ్యొచ్చు. అది తొందరపడకుండా ఒక చువ్వ పక్కనుంచి లేచి, చువ్వ కొసను దాటి, ఏ తాడూ ఎదురు బరువూ లేకుండా ఇంకా లేచింది. బాబాయి జీవితంలో పైకి వెళ్ళిన ప్రతిదాన్నీ ఏదో ఒకటి పైనుంచి లాగింది. దీన్ని లాగేది ఏదీ లేదు. ఆయన చూపు అలవాటుకొద్దీ దాని పైన తాడు కోసం వెతికింది.

కింద నేలకు అప్పటికే పొద్దుగూకింది. పైన ఇంకా ఎండ ఉన్నట్టుంది. రవ్వ ఎక్కడో ఆ ఎండలోకి అడుగుపెట్టింది. దాని వెనక బూడిదరంగులో ఉన్న పొగదారం కొసనుంచి మొదలై బంగారు రంగులోకి, ఆ తర్వాత లేత గులాబీలోకి తిరిగింది. రవ్వ పక్కకు ఒరిగింది. బావమరిది చెప్పింది నిజమే, పాపం. ఆ తర్వాత చుక్కంత అయ్యి, చుక్కో కాదో తెలియకుండా అయ్యి, పోయింది. దారం మాత్రం గాలికి వంకరలు పోతూ చాలాసేపు ఉంది.

“...మూడు, రెండు, ఒకటి,” అన్నాడు అవతల బావమరిది. “ఇప్పుడు చూడండి.”

బాబాయి పెట్టె దిగాడు. చేతులు తుడుచుకుని మీట పట్టుకున్నాడు. తాళ్ళు కదిలాయి. ఎర్ర పట్టీ కంత దగ్గరకు వస్తుండగా దూరంనుంచి ఒక మోత వచ్చింది. చాలా ఆలస్యంగా, చాలా మెల్లగా, నేలలోంచి పుట్టినట్టు, ఎక్కడో పెద్ద మోటారు తిరుగుతున్నట్టు. గోడలు వినీవినబడనట్టు అదిరాయి.

“ఏంటా మోత?” కంతలోంచి సెక్రటరీ గొంతు కీచుగా వచ్చింది. “ఏమయ్యా, ఏమైంది దానికి?”

“మా లిఫ్టుది కాదండీ. రాకెట్టుది. ఇప్పుడే ఇక్కడికి చేరింది.”

మోత మెల్లగా వెళ్ళిపోయింది. ఆ తర్వాత పెద్దాయన గొంతు, “విన్నావా?” అంది. “విన్నాను,” అంది ఆయన భార్య.

బయటికొచ్చాక పెద్దాయన బాబాయితో చేయి కలిపి వెళ్ళిపోయాడు. సెక్రటరీ మాత్రం కలపలేదు. కంపెనీకి ఫోను చేస్తానన్నాడు, చేశాడు కూడా. బాబాయి స్విచ్చి ఆపి, ఈసారి నిజమైన బోర్డు తగిలించి ఇల్లు చేరేలోపే మేనేజరు ఫోను చేశాడు.

“మనుషులుండగా లిఫ్టును మధ్యలో ఆపావట?”

“అవును సార్. బ్రేకు పరీక్షించాను.”

“ఎలా ఉంది?”

“చాలా బాగా పట్టుకుంటోంది సార్.”

“సెలవులో కూడా పనిచేస్తున్నావన్నమాట,” అన్నాడు మేనేజరు, మెచ్చుకుంటున్నాడో తిడుతున్నాడో తేలని గొంతుతో.

డాబా మీది జనం కుర్చీలను మెట్లకు కొట్టుకుంటూ దిగుతున్నారు. వాళ్ళ మధ్యలోంచి బావమరిది ఇంట్లోకొచ్చి, సానుభూతితో బాబాయి భుజం తట్టాడు.

“మళ్ళీ తప్పిపోయింది కదా బావా. బాధపడకు, నేను వీడియో తీశాను.” చూపించాడు. వీడియోలో జనం తలల వెనక భాగాలు, వాటి పైన ఖాళీ ఆకాశం ఉన్నాయి. “ఇక్కడే ఎక్కడో ఉండాలి,” అంటూ ఫోనుతో పాటు లోపలికి వెళ్ళాడు.

బాల్కనీలో భార్య టీ తాగుతోంది. ఆయన చేతులకు గ్రీజుతో పాటు చిరిగిన వల పోగులు అంటుకుని ఉండటం చూసింది. అప్పుడు అడిగింది.

“ఎలా ఉంది?”

బాబాయి నోరు తెరిచాడు. చువ్వలు, నిప్పురవ్వ, లేని తాడు, ఎండ అన్నీ గొంతు దాకా వచ్చాయి. వరసగా ఏదీ బయటికి రాలేదు.

“పైకి వెళ్ళింది,” అన్నాడు.

“మరి నేను చెప్తే ఇన్నాళ్ళూ విసుక్కున్నారు.”

“అది కాదే. చివర్లో ఆ పొగ...”

“గులాబీరంగులోకి తిరిగింది. పొద్దుటిపూట వెళ్ళేవాటికి అలా తిరగదు. సాయంత్రంవాటికే. మేఘాలుంటే మేఘం లోపల దీపం పెట్టినట్టుంటుంది. మొన్నోసారి రెండు ముక్కలుగా విడిపోవడం కూడా కనబడింది.”

బాబాయి ఆవిడ వైపు తిరిగాడు.

“ఇవన్నీ నాతో ఒక్కసారి కూడా చెప్పలేదేం?”

“చెప్పేస్తే మీరు చూడ్డానికేం మిగులుతుంది?” అంది ఆవిడ.

ఇన్నేళ్ళ విసుగును ఎవరిమీద దింపుకోవాలో బాబాయికి పాలుపోలేదు. ఎదురుగా ఇనుప చువ్వలు చీకట్లో కలిసిపోతున్నాయి. మెట్లమీద ఎవరి కుర్చీయో దబ్బున పడింది, ఎవరో ఎవరినో తిట్టారు. ఆయన కుర్చీ కోసం వెతికాడు. అందులో భార్య కూర్చుని ఉంది.

“లే,” అన్నాడు.

“రాకెట్టు వెళ్ళిపోయిందిగా, ఇంకెందుకు మీకు?” అంది ఆవిడ, లేవకుండా, టీ కప్పు ఆయన చేతికందిస్తూ.